పిడికిలి

నాలుగున్నరకి క్వారీలో మందు పేలుతుంది.
చీమకుర్తిలో గిన్నెలన్నీ ఒక్కసారి తమలో తాము మాట్లాడుకుంటాయి.
చంటిపిల్లలు ఉలిక్కిపడతారు, కోళ్ళు గోడెక్కుతాయి.
మా చరిష్మ మాత్రం
వాళ్ళమ్మ అలమర సీసాలు వెనక్కి నెట్టడం చూసి
ముందే అరిచేతులు గచ్చుకి ఆనించి కూచుంటుంది.
గచ్చు అదరగానే నా వంక చూసి నవ్వుతుంది,
"నాయనా, వచ్చింది" అన్నట్టు.
అనడం కాదు. అన్నట్టు.
మూడేళ్ళుగా మా ఇంట్లో అన్నీ అన్నట్టే.

పదకొండేళ్ళు కంప్రెసర్ పక్కన నిలబడి
నల్లరాయికి బొక్కలేశాను.
పాలిష్ పెడితే అందులో చుక్కలు తేలతాయి, అమాస రాత్రి మాదిరి.
దాని ఖరీదు ఎప్పుడూ అడగలేదు.
నా ఎడమ చెవి ఖరీదూ అడగలేదు.
ఆ రొదలో మాట చెల్లదు.
పిడికిలి ఎత్తితే ఆపు.
రెండు వేళ్ళు ఆడిస్తే తాడు వదులు.
బొటనవేలు నోటికి చూపిస్తే నీళ్ళు.
పిల్లకి వినపడదని తెలిసిన రోజు
నా దగ్గరున్న భాష ఇదొక్కటే. ఇచ్చేశాను.

డాక్టరు కాగితం మీద నత్తగుల్ల గీశాడు.
చెవి వెనక ఎముకకి డ్రిల్లు వేస్తామన్నాడు.
నోరు జారి అడిగాను, బిట్టు ఎంత మందం సార్?
ఆయన పెన్ను ఆగింది.
"చివరికొచ్చేసరికి ఒక మిల్లీమీటరు. ముక్కు వజ్రంది."
ముఖాన్ని ఆడించే నరం పక్కనించే పోతుందట దారి.
మాకైతే గురి తప్పితే ఇంకో రాయి.
వేడెక్కకుండా నీళ్ళు పోస్తారా అన్నాను.
పోస్తారట.
ఆ ఒక్క మాటకి ఆ రాత్రి కాస్త కన్నంటుకుంది.

స్కాను. టీకాలు. సంతకాలు.
జలుబు చేస్తే వాయిదా అన్నారని
అంకమ్మ ఐసుబండిని వీధి మొదట్లోనే తిప్పి పంపేది,
అప్పులోళ్ళని పంపినట్టు.

ఒంగోల్లో రెహానా మేడం చెప్పింది,
"ఆపరేషనైన రోజే ఏమీ వినపడదు.
గాయం మానాక, మూడు వారాలకి మిషను పెట్టి ఆన్ చేస్తాం.
ఏడుస్తుంది. ఏడిస్తే సంతోషపడండి.
అసలు పని అప్పుడు మొదలు."
ముందు మాకే నేర్పింది ఆరు శబ్దాలు:
ఆ, ఊ, ఈ, మ్, ష్, స్.
పెదాలు కనపడకుండా అట్ట అడ్డం పెట్టి పలికింది.
చివరి రెండూ నాకే వినపడలేదు.
మేడం చూసింది, ఏమీ అనలేదు,
నాకూ ఒక చీటీ రాసింది, చెవి పరీక్షకి.
ష్ మా పిల్ల పేరు నడిమధ్యలో ఉంది.
ఏరికోరి నేనే పెట్టిన పేరు.

"అరవకండి. పక్కన కూచుని మామూలుగా చెప్పండి,
అన్నం కలుపుతున్నా అని, చెప్పు తొడుగుతున్నా అని."
మామూలు ఎట్లుంటదో మర్చిపోయాను.
రాత్రిళ్ళు గోడకి చెప్పి చూస్తున్నా:
లైటు తీస్తున్నా. దోమతెర దింపుతున్నా.
దుప్పట్లోంచి అంకమ్మ, "ఇంకా మెల్లగా."

చేతులు తగ్గించమని కూడా చెప్పింది మేడం.
తలూపాను.
మిషను తీసి తలకి పోసేటప్పుడు,
కరెంటు పోయి బ్యాటరీ అయిపోయిన రాత్రి,
మా తాడూ మా నీళ్ళూ మాకుంటాయా అని
అడుగుదామనుకుని, బస్సుకి టైమైందని లేచొచ్చాను.

నెల్లూరు ఆసుపత్రి, మూడో అంతస్తు.
పాలు రెండింటి దాకా, నీళ్ళు ఆరింటి దాకా అన్నారు.
ఆరూ నలభైకి లేచింది.
కుడిచెవి వెనక నర్సు గొరిగిన చోట
పురుటి నాటి చర్మం, తెల్లగా.
బొటనవేలు నోటికి చూపించింది.
పక్క మంచం వాళ్ళు ఫ్లాస్కు మూత తిప్పుతున్నారు.
మళ్ళీ చూపించింది.

పిడికిలి ఎత్తాను.

కాసేపు దాన్నే చూసింది.
తన పిడికిలి ఎత్తి, తెచ్చి, నాదానికి ఆనించి
అట్లానే ఉంచింది.
"నీళ్ళు తర్వాత, తల్లీ" అన్నాను,
చెవి దగ్గర, మేడం చెప్పినంత మెల్లగా.
ఎవరికీ వినపడలేదు.
నాక్కూడా.