మజ్జిగ రంగు నూనె

ముక్కోటి జనం కొండ దిగిపోయినాక
ఒక మంచు పొద్దున, ఆటోనగర్‌లో
అంగడి షట్టరు ఇంకా సగమే ఎత్తుండాను,
ఫైర్ స్టేషన్ దొరస్వామి వచ్చి నిలబడినాడు.
చేతిలో హార్లిక్స్ సీసా,
సీసాలో బూడిద తెలుపు.
"ఇదేందో చెప్పక్కా."
మూత తీసి వాసన చూసినా. గంధకం. అడుగున బురద.
"గేరాయిలు. నీళ్ళు చొరబడి మజ్జిగైపోయింది.
ఏ బండిదబ్బా?"
"పడవది."

ఏరు ఎండిన ఊళ్ళో పడవేందని
ఎవురైనా నవ్వుతారు.
నాకు రాలా నవ్వు.

కార్తీకంలో పైన చెరువు తెగినప్పుడు
మా వీధిలో నీళ్ళు సన్‌షేడ్‌ను తాకినాయి.
వాటర్ ట్యాంకు పక్కన నేను,
ఎదురు మిద్దె మీద కుప్పమ్మత్త, ఆమె రెండు మేకలు.
నారింజ రంగు పడవ మలుపు తిరిగింది.
తిరిగి, దగ్గింది.
దగ్గి ఆగిపోయింది.
వెనక్కి కొట్టుకుపోయి కరెంటు స్తంభానికి ఆనుకునింది.
దొరస్వామి తాడు లాగతానే ఉండాడు,
నేను లెక్క పెడతానే ఉండా.
పదకొండో లాగుకు రాజుకునేలోపు
ఎదురు మిద్దె పిట్టగోడ కూలింది.
అత్త దక్కింది. మేకలు దక్కలా.

"ప్లగ్గు నిండా మసక్కా అప్పుడు,
ఎవురో స్కూటరు నూనె కలిపినారు పెట్రోల్లో."

నేను అరల కల్లా తిరిగి
లేని దుమ్ము తుడస్తా ఉండా.

"మళ్ళా వానల దాకా దీన్ని పండబెట్టాల," అన్నాడు,
"పది నెలలు. ఏం పోయమంటావు?"
కొబ్బరినూనె వద్దు, ఈ చలికే గడ్డ కడతాది.
నువ్వులనూనె జిగురు పడతాది.
వాడి తీసిన ఇంజనాయిలు ఊరికే ఇస్తారు, నిజమే,
లోపల్లోపల ఇనుము తింటాది.
లారీ గేరుకు పోసే తొంభై నంబరు మంచి సరుకే,
నీళ్ళకు మాత్రం లొంగిపోతాది.
పడవది వేరే ఉండాది.
నీళ్ళు తగిలినా పళ్ళను వదలదు.
మద్రాసు నుంచి తెప్పియ్యాల. రెండు రోజులు.

రెండు రోజులు మూడైనాయి.
బస్సు పార్సిలు నేనే ఎత్తుకోని పోయినా స్టేషనుకు.

స్టాండు మీద మోటారు నిటారుగా ఉండాది.
మంచినీళ్ళతో కడిగినారంట, కార్బరేటర్లో పెట్రోలు
చుక్క లేకుండా కాల్చేసినారంట.
కింది మర ఇప్పినాడు, పై మర ఇప్పినాడు.
మిగిలిన మజ్జిగ కారిపోయింది.
కొత్త నూనె కింది బెజ్జంలో నుంచే ఎక్కియ్యాల,
పైనుంచి పోస్తే గాలి నిలబడిపోతాది.
పై బెజ్జంలో బుడగ, ఇంకో బుడగ,
ఆనక బుడగ లేని నూనె.
తర్వాత ప్లగ్గు ఇప్పి
పసిబిడ్డకు ఆముదం పట్టినట్టు
చెంచాడు చెంచాడు సిలిండర్లో వదిలి,
తాడు లాగినాడు, మెల్లగా,
రాజుకోవాలని కాదు ఈసారి.

అప్పుడు చెప్పినా.
పోయినేడు మీ కాంట్రాక్టరు కుర్రోడికి
"ఏదైతే ఏంలే, పట్టకపో" అని
ఆ స్కూటరు డబ్బా ఇచ్చింది నేనేనని.

చెయ్యి పాత గుడ్డకు తుడుచుకున్నాడు.
ఎంతసేపో తుడుచుకున్నాడు.
"ఆ కొత్త వాషరు ఇట్లియ్యక్కా," అన్నాడు.

బిల్లులో సగం తగ్గించి రాయబోయినా.
ఆడిట్‌లో ఒప్పుకోరంట, పూర్తిగా రాయమన్నాడు.
రాసినా.

హార్లిక్స్ సీసా నా అంగట్లోనే మరిచిపోయినాడు,
గల్లాపెట్టె పక్కన పెట్టుకున్నా.
కదిలించకుండా పెడితే
నీళ్ళు నీళ్ళుగా, నూనె నూనెగా తేలతాయనుకున్నా.
ఉగాది కూడా దాటింది.
ఇంకా విడిపోలా.