ఉప్పు చూసేవాడు

నెలకోసారి, ఐదో తారీఖు అటూ ఇటూగా
కరెంటు మీటర్లు చూసుకుంటూ
జువ్వలదిన్నె చివరి స్తంభం దాకా పోతాను.
స్తంభం తర్వాత ఇసుక.
ఇసుకలో చెంగాలమ్మ పాక.

బోర్డు లేదు, ధరల పట్టీ లేదు.
ఆరు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదానికి మూడే కాళ్ళు,
నాలుగో కాలు తిరగేసిన రంగు డబ్బా.
ఏముందని అడిగితే సముద్రం వైపు గడ్డం ఎత్తుతుంది,
పడవలింకా రాలేదని.
పొయ్యి వైపు ఎత్తిందా, కూర్చోవచ్చు.

ఒక నెల గులివిందలు, ఒక నెల కానాగంతలు,
ఇంకో నెల తళతళలాడే సావళ్ళు
బడిపిల్లల బెల్టుల్లా చుట్టలు చుట్టి.
వంజరం మాత్రం ఎప్పుడూ ఉండదు.
"అది పొద్దున్నే ఐసు బండెక్కి
నెల్లూరు పొయ్యింది నాయనా" అంటుంది,
పలకరించకుండా దాటిపోయిన
ఉన్నోళ్ళ చుట్టం గురించి చెప్పినట్టు.

మొలగొలుకుల అన్నం, పొగలు పోయేదాకా ఆగదు చెయ్యి.
నిన్న రాత్రి దించి, తెల్లార్లూ దాకలో ఊరిన పులుసు.
టెంకతో సహా మామిడి చెక్క,
దాని కింద దాక్కున్న చేప తల.
మొదటి ముద్ద మింగీ మింగకముందే
తలగుడ్డ విప్పి చేతులు తుడుచుకుంటూ వచ్చి
"ఉప్పు సరిపోయిందా అబ్బయ్యా?"

"బెమ్మాండం" అంటాను.
ఎవరైనా అంటారు. మర్యాద కదా
అడగడమూ, అనడమూ.

పోయిన వానాకాలం ఒక రోజు అలాగే అన్నాను.
నా వెనకే రొయ్యల గుంటల కాడ పనిచేసే నలుగురు
తడి లుంగీలతో వచ్చి కూర్చున్నారు.
వాళ్ళలో ఒకడు విస్తట్లో వేలు పెట్టి
"ఏందమ్మే, ఉప్పే ఎయ్యలేదే!"

ఆమె వాణ్ణి చూడలేదు.
నన్ను చూసింది.

వాళ్ళు పోయాక చెప్పింది, గిన్నె తోముతూ,
గిన్నెకే చెప్పినట్టు.
రెండేళ్ళ కిందట జొరం వచ్చి పోతా పోతా
నాలిక రుచిని ఎత్తుకుపొయ్యిందంట.
ముక్కు కూడా అంతే.
నూనె చిటపటలు మారితే చెవికి తెలుస్తుంది,
చింతపండు చిక్కదనం వేళ్ళకి తెలుస్తుంది,
కారం ఎంతో రంగే చెబుతుంది,
ముల్లు ఊడొస్తే ముక్క ఉడికినట్టు.
"ఉప్పుదే అబ్బయ్యా, ఏ పక్క నించీ దొరకదు.
ఎదురుగా అంత సముద్రం ఉండాది,
మొహాన కొట్టినా తెలవదు నాకు."

అందుకని రోజుకొకరు.
సోమారం పాల వ్యాను మస్తాను,
బేస్తారం కావలి బస్సు కండక్టరు,
పడవలు వచ్చిన రోజు ఎవరు ముందొస్తే వాళ్ళు.
"ఐదో తారీకు నువ్వు.
నీ నోటి మీదే కదా కుండ వొడ్డించేది."

పదకొండేళ్ళుగా అంకెలు రాసుకుంటున్నాను.
గుడ్డి బల్బుల కింద, పిడకల వెనక, కుక్కలున్న ఇళ్ళల్లో
ఒక్క యూనిట్టు తప్పు రాయలేదు.
ఆమె మీటరు పద్దెనిమిది దాటదని కూడా తెలుసు:
ఒక బల్బు, ఒక సెల్లు ఛార్జింగు.
అంత పక్కాగా చూసే మనిషిని
ఎన్ని నెలలు చూడకుండా చెప్పానో.

తర్వాతి నెల వెళ్ళడానికి మొహం చెల్లలేదు,
చివరి స్తంభం దగ్గర కాసేపు బండి ఆపి నిలబడ్డాను.
పొయ్యి వైపు గడ్డం ఎత్తింది.

ఇవాళ కానాగంతలు.
విస్తరి ముందు కూర్చుని పుస్తకం, పెన్ను పక్కన పెట్టి
పులుసు నాలిక మీద ఆపుకున్నాను,
మసకబారిన మీటరు అద్దం తుడిచి చూసినట్టు.
"తక్కువ పెద్దమ్మా. చిటికెడు."
వేసింది, గరిటె తిప్పింది.
"ఇప్పుడో?"

బయట ఎవరో దిగారు, కుర్చీలు లాక్కుంటున్నారు,
ఏముందని అరుస్తున్నారు.
ఆమె వాళ్ళ వైపు తిరగలేదు.

"ఉండు" అన్నాను,
ఇంకో ముద్ద కలుపుకుంటూ.