పదిహేడో నంబరు పానా

గేదె కడుపులో మోచేతి దాకా చెయ్యి పెట్టి
దూడ అడ్డం తిరిగిందో, వెనక కాళ్లు ముందొస్తున్నాయో
కళ్లు మూసుకుని చెప్పగలను.
ఆమదాలవలసలో ఇరవై ఏళ్లుగా
పశువుల కాంపౌండరమ్మనంటే నేనే.
ఈ కారు కడుపు కింద మాత్రం
ఆదివారం పొద్దున్నే గోనె పరుచుకుని
వెల్లకిలా పడుకుని
ఎక్కడ తల, ఎక్కడ తోకో బోధపడక.

కార్తీకంలో ఒక రాత్రి
బూర్జ రోడ్డు మీద ఆగిపోయింది ఇది.
అవతల ఊళ్లో ఈనలేక ఒక గేదె
ఇవతల చీకట్లో కదల్లేక ఇది
మధ్యన నేనూ, నా టార్చీ.
బానెట్టు ఎత్తాను, మూశాను, మళ్లీ ఎత్తాను.
వేడిగా ఉందని నిమిరాను కూడా,
జ్వరమొచ్చిన పెయ్యని నిమిరినట్టు.
గేదె బతికింది.
దూడ సంగతి ఎవరూ నన్నేమీ అనలేదు.

బ్యాటరీ మీద క్లాంపు వదులైందట.
తవిటినాయుడు రెండు తిప్పులు తిప్పి
నూటయాభై పుచ్చుకున్నాడు.
నాకూ నేర్పు నాయుడూ అంటే
"నువ్వు నేర్సీసుకుంటే నానేటి తినాల?" అని నవ్వి,
వెళ్లేటప్పుడు తుప్పుపట్టిన పానా ఒకటి
సీటు మీద పడేసి పోయాడు.
పదిహేడో నంబరు.

కుడికి బిగువు, ఎడమకి వదులు.
నిలబడ్డప్పుడు తెలిసిందే.
కింద పడుకుని చూస్తే
కుడెటో ఎడమెటో నా చెయ్యి నన్నే అడుగుతుంది.
బోల్టు కదల్లేదు.
పళ్లు బిగించి, మోకాలు ఆన్చి, ఊపిరి పట్టి
ఈనే గేదెకి చెప్పే మాటలే దానికీ చెప్పాను.
ఇంకొంచెం తల్లీ, ఇంకొంచెం.

వచ్చింది!
సత్తు తప్పేలాలోకి తేనె రంగున, చిక్కగా,
కుళ్లిన వెల్లుల్లి వాసనతో.
ఎదురింటి గుంట పైడమ్మ వొంగి చూసి
"పిన్నీ, నల్లగా రాలేదేటి?" అంది.

ఫోనులో తవిటినాయుడు చాలాసేపు నవ్వాడు.
"ఇప్పడం బాగానే ఇప్పావు గానీ
ఇప్పాల్సింది ఇప్పలేదమ్మా. అది గేరాయిలు.
బండి కదపకు, నానొస్తన్నాను."

సైకిలు మీద వచ్చాడు, గేరాయిలు డబ్బా కట్టుకుని.
పానా అందిస్తే తీసుకోలేదు.
గడప మీద కూచుని టీ తాగుతూ
"ఇంకో జానెడు అవతలికి... అదుగో, అదే.
నానొట్టుకుంటే నాకొస్తాది,
నీకొస్తాదేటి?"
ఈసారి నల్లగా, వేడిగా
మణికట్టు మీంచి చంకలోకి కారింది.
నేను తుడుచుకోలేదు కాసేపు.

కొత్త ఆయిలు పోశాను.
గజంబద్ద తుడిచి, దింపి, తీసి, మళ్లీ తుడిచి
నాలుగుసార్లు చూశాను.
"జొరం సూసినట్టు సూస్తన్నావేటమ్మా" అన్నాడు నాయుడు.
తాళం తిప్పాను.
అందరూ నవ్వుతారని చెప్పను గానీ,
ఆ చప్పుడుకి నా పొట్టలో ఏదో కదిలింది.

బ్రేకుల జోలికి ఇంకా పోలేదు. భయం.
మందుల సంచిలో సిరంజీల పక్కన
పానా ఒకటి గలగలమంటుంది ఇప్పుడు.
వాకిట్లో ఆయిలు మరక
కళ్లాపి చల్లినా, బూడిదేసి రుద్దినా పోలేదు.
పోనీలే అని
ముగ్గు దాని చుట్టూ తిప్పి వేస్తున్నాను.