పదకొండో సంపుటానికి కాంటా చిట్టి

ఎనుమాముల మార్కెట్ల పత్తి తూచే మనిషిని.
ఏదన్న కాంటా మీద పెట్టి చెప్పుడే వచ్చు నాకు.

"ఏడుగాలుల దీవి", పదకొండో సంపుటం:
ఎనిమిది వందల నలభై పేజీలు,
మా చిన్న కాంటా మీద కిలో నూటయాభై గ్రాములు.
అందుల తేమ ఎంతుందో చెప్పాలె గద.

మొదటి తొంభై పేజీలు రాజులు కూసోని మాట్లాడుకుంటరు.
ఎవలూ లేవరు. ఎవలికీ దూప గాదు.
ఒక రాణి ఉత్తరం మడత విప్పుతది,
ఆమె విప్పేసరికి నేను మూడు లారీలు దింపిచ్చిన.
కొత్త వంశాలు, కొత్త జెండాలు,
వెనుక అట్టల మీద రాజుల పటం
మళ్లా రెండు కొమ్మలేసింది.
యుద్ధం వస్తది వస్తదని ఏడో సంపుటం కెల్లి చెప్తున్నడు,
మా దిక్కు మొగులు లెక్క.
ఉరుముతది, పోతది.

నేనైతే నూటికి పద్దెనిమిది తేమ అని రాస్త.
పన్నెండు దాటితే సర్కారు కొనది.
చిట్టి రాసేటప్పుడు రైతు నా మొకం చూసినట్టే
ఆ పుస్తకం నా మొకం చూసింది.
అయినా పక్కకు పెట్టలే.

ఎందుకంటే ఓదెలు.

పది సంపుటాలు నేను చదువంగ ఆయన ఇన్నడు,
షెడ్డు కింద బస్తాల మీద ఎల్లెల్కల పండుకోని,
రాత్రి లారీ వచ్చేదాంక.
హమాలీ ఓదెలుకు అక్షరం రాదు,
గని ఏ గుర్రం ఏ కాలు కుంటుతదో అడుగు, చెప్తడు.
రాజులంటే ఆయనకు గిట్టది.
మూడో సంపుటంల పదిహేను పేజీలే ఉన్న పడవోడు,
శత్రువుల పిల్లను ఏరు దాటిచ్చి,
అందుకు ఎడమచెయ్యి పోగొట్టుకోని
పొగమంచులకు పోయినోడు,
వాడే ఆయన హీరో.
కొత్త సంపుటం వచ్చినప్పుడల్ల ఒకటే మాట:
"పడవోడు కనపడ్డడా?"
లేదంటే తువ్వాల మొకమ్మీదేసుకునేది.

నడుము పట్టేసి రెండేండ్లాయె.
ఇప్పుడు పరకాల కాడ అక్క ఇంట్ల ఉంటుండు.

ఆరువందల పన్నెండో పేజీ.
సగం పేజీ. లెక్కపెట్టిన, పందొమ్మిది వరుసలు.
పడవోడు వచ్చిండు.
పేరు లేదు, మాట లేదు. ముసలోడైండు.
దీవి రేవుల ఒక తాడు గట్టి,
నీళ్ల దిక్కు చూసి, పోయిండు.
అర్ధరాత్రి నేను లేచి నిలవడ్డ.
తేలు కుట్టిందనుకున్నరు ఇంట్లోళ్లు.
తరుగంత తీసేస్తే ఇగో, నికరం ఇంతే:
పందొమ్మిది వరుసలు.

ఆదివారం హన్మకొండల పరకాల బస్సెక్కిన,
ఒడిల కిలో నూటయాభై గ్రాములు.
"గ్రూప్ టూకు చదువుతున్నరా సార్, ఈ వయసుల?" అన్నడు కండక్టర్.

ఓదెలు మంచంల గోడకు ఆనుకోని ఇన్నడు.
ఇంకోసారన్నడు. మళ్ల చదివిన.
కండ్లల్ల నీళ్లొస్తయేమోనని చూసిన.
రాలే. నొసలు ముడేసిండు.
"రెండు చేతులతోని తాడు గట్టిండని రాసిండా?"
చూసిన. రాసే ఉంది.
"మరి ఎడమచెయ్యి యాడికెల్లొచ్చింది?"

రాసినాయన మర్చిపోయిండు.
అచ్చేసినోళ్లు మర్చిపోయిండ్రు.
రాత్రి లేచి నిలవడ్డ నేను గూడ మర్చిపోయిన.

ఓదెలు మంచం కిందికెల్లి సుతిలి తీసిండు.
ఒక కొస పండ్ల నడుమ వట్టి,
కుడిచేత్తోని తిప్పి, మోకాలుతోని అదిమి,
గుంజిండు.
మంచంకోడుకు ముడి పడ్డది.
నా రెండు చేతులకూ అది ఇడలే.
"గిట్ల గడ్తడు," అన్నడు. "రాసుకో."

బస్తాల మీద నంబరేసే నీలం పెన్సిల్ జేబులనే ఉంది.
"రెండు చేతులతో" అన్న కాడ గీత కొట్టిన.
జాగ చాలక, పేజీ అంచు పొంటి
పైకెల్లి కిందికి రాసిన:
పండ్లు, కుడిచెయ్యి, మోకాలు.