ఆకు జొరం

మాల్ గేటు దగ్గర నిలబడ్డ రోజుల్లో
నా చేతిలో తెల్ల తుపాకీ ఉండేది.
జగదాంబ జంక్షన్‌లో సగం నుదుళ్ళు నాకు తెలుసు:
బొట్టున్నవి, చెమట పట్టినవి,
ఏటమ్మా కాల్చేస్తావేటి అని నవ్వినవి.
అందరూ ముప్పయ్యారు పాయింట్ నాలుగే.
ముప్పయ్యెనిమిది దాటినవాడు
గేటు దాకా రాలేదు.

మొదటి రాత్రి ఆ తుపాకీనే ఆకు మీద పెట్టాను.
'లో' అంది.
ఇంకోసారి నొక్కాను. 'లో'.
మనిషి కానిదాన్ని అది లెక్కలోకి తీసుకోదని
శశిభూషణ్ సారు నవ్వి, డాబాగార్డెన్స్ నుంచి
ఎనిమిది వందల యాభైకి ఇంకోటి తెచ్చాడు.
ఇది ఎర్ర చుక్క వేస్తుంది.

మధురవాడలో, ఆరో అంతస్తులో, వెనక గదిలో
నల్లగుడ్డ బీరువా. లోపలంతా వెండి రంగు.
జిప్పు తీస్తే లంబసింగి.
అక్కణ్ణించి తడిగోనెలో తెచ్చిన స్ట్రాబెర్రీ పిలకలు పద్నాలుగు,
పదకొండు బతికాయి.
పగటి ఎండకి ఏసీ ఆగలేదని
వాటికి రాత్రినే పగలు చేశాడు సారు.
ఆయన పరవాడ నైట్ డ్యూటీకి పోతే
గంటగంటకీ రాయడం నా పని:
గాలి ఎంత, తేమ ఎంత, ఆకు ఎంత.

నాలుగు వేళ్ళ దూరం నుంచి కొలవాలి.
వెనక్కి జరిగితే అది ఆకుని కాదు,
ఆకు వెనకాల గుడ్డని చెబుతుంది.
ఇది తెలియడానికి వారం పట్టింది.
వారం పాటు గుడ్డ జొరమే రాశాను పుస్తకంలో.

గాలి కంటే ఆకు ఓ డిగ్రీ, డిగ్రీన్నర చల్లగా ఉంటే
మొక్క బాగున్నట్టు.
చెమట పోస్తోందన్నమాట, పోసిన చెమట ఆరుతోందన్నమాట.
గాలికి దాహం ఉంటేనే వేరు నీళ్ళు తాగుతుందని
సారు చెబుతుంటే మా పెదజాలరిపేట గుర్తొచ్చింది.
మే నెలలో అక్కడ గాలికి దాహమే ఉండదు,
ఆరేసిన లంగా మూడు రోజులు తడే,
ఒంటి మీద చెమట ఒంటి మీదే కాపురం.

గది మూల ఒక యంత్రం తేమ లాగుతుంటుంది.
తెల్లారేసరికి బకెట్‌కి చారెడు తక్కువ.
వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను: ఉప్పు లేదు.
సముద్రం ఊపిరి ఇంత చప్పగా ఉంటుందా!
మా నూకరత్నం అత్త ఫోన్లో అడిగింది,
'ఏటే, రాత్రంతా ఆకులకి జొరం చూస్తన్నావంట,
జీతమిస్తన్నారా?'
ఇస్తున్నారు. మాల్ కంటే పదిహేను వందలు ఎక్కువ.

నిన్న రెండుంపావుకి కరెంటు పోయింది.
లైట్లు, ఏసీ, ఫ్యాన్లు. తేమ లాగేది మాత్రం
ఓసారి మూలిగి మరీ ఆగింది.
సెల్ వెలుతురులో తేమ అంకె చూస్తూనే ఉన్నాను:
అరవై ఎనిమిది, డెబ్భై తొమ్మిది, ఎనభై ఎనిమిది,
తొంభై రెండు.
గాలి ఇరవై తొమ్మిది. ఆకు ఇరవై తొమ్మిది.
తేడా సున్న.
సున్న పక్కన ఏం రాయాలో తోచలేదు.
ఆకు అంచు పళ్ళ మీద ఒక్కో నీటి బొట్టు పుట్టింది,
రాలలేదు, ఆరలేదు.

జిప్పులన్నీ లాగేశాను.
రాసుకునే పుస్తకంతోనే విసిరాను,
ఈ చెయ్యి నెప్పెడితే ఆ చేత్తో.
కిటికీ తెరిస్తే ఋషికొండ వైపు నుంచి వచ్చింది
గాలి కాదు, పిండని తడిగుడ్డ.
మధ్యలో ఒకసారి, ఎందుకో,
ఎర్ర చుక్క నా మణికట్టు మీద పెట్టుకున్నాను.
ముప్పయ్ నాలుగు.
ఈ తుపాకీ ఆకునీ 'లో' అనదు, నన్నూ అనదు.

మూడు యాభైకి కరెంటొచ్చింది.
ఐదింటి వరసలో రాశాను:
గాలి ఇరవై ఏడు, తేమ ఎనభై,
ఆకు ఇరవై ఆరు పాయింట్ ఆరు.
తేడా సున్నా పాయింట్ నాలుగు.
ఆ నాలుగు కింద గీత గీశాను.
గియ్యమని ఎవరూ చెప్పలేదు.