మూలుగ

మహారాణిపేటలో మా ల్యాబు.
పొద్దున్న ఏడింటి నుంచి ఊరి రక్తమంతా
నా వేళ్ల మధ్య గాజుపలకల మీద సాగుతుంది.
చీటీలో ఏ జబ్బు పేరున్నా
నాకు మాత్రం కణాలు.
టిక్కు. టిక్కు. వంద దాకా.

ఆ రాత్రి షట్టరు సగం దించేశాక
వంగి లోపలికొచ్చింది దేముడమ్మ
ఎండుచేపల గంపలో పిల్లిని పెట్టుకుని.
పిల్లి పేరు చందువ.
తెల్లగా, పలచగా,
పక్కకి తిరిగి పడుకుంటే అచ్చం ఆ చేపే.

"సూడమ్మా దీని పళ్లసిగురు.
సున్నం కొట్టినట్టు నేదూ?"

ఉంది.

వానాకాలంలో దాని చెవి వెనక రూపాయంత తామర.
మనవడు ఎల్లాజీ భుజం మీదా అంతే తామర,
ఇద్దరిదీ ఒకే గోనెపట్టా పక్క.
వల మడతల్లో తడి, బల్లల కింద తడి,
హార్బరులో ఆ నెల బూజు పట్టనిది మంచుగడ్డ ఒక్కటే.
అప్పుడడిగింది నన్ను, తక్కెడ పట్టుకుని,
"గుంటడి మాత్ర దీనికో ముక్క ఏసీమంటావా?"
నేను కానాగంతలు బేరమాడుతున్నాను.
తల ఎత్తకుండానే
"చిన్న ముక్కేగా, వెయ్యి" అన్నాను.

తామర పోయింది. కొత్త బొచ్చు మొలిచింది.
ఆ వారం రెండు పెద్ద చందువలు
డబ్బు తీసుకోకుండా నా సంచిలో పడేసింది.
పులుసు పెట్టుకుని తిన్నాను.

పశువుల డాక్టరు ముంగాలి నుంచి తీసిన రక్తం
ఊదా మూత గొట్టంలో, ఆమె రొంటిన, గోరువెచ్చగా.
మా మిషనుకి మనుషులే తెలుసు,
పిల్లి ఎర్రకణాన్ని ఇంకేదో అనుకుంటుంది.
నేనే చూడాలి.
రంగు పోసి పది నిమిషాలు.
పోర్టులో ఏదో ఓడ కూత వేసింది.
కిటికీ గట్టు మీద బొగ్గుధూళి తుడిచాను,
తుడిచిన చోటే మళ్లీ తుడిచాను.

కటకం కింద
ఎర్రకణాలు ఎడమెడంగా,
సగం అమ్ముడైపోయిన ఎండుచేపల చాపలా.
తెల్లకణాల కోసం వెతికాను.
ఒకటి.
చాలాసేపటికి ఇంకొకటి.
లెక్క కట్టాను, మళ్లీ కట్టాను,
వెయ్యి కూడా లేవు.

వెయ్యి.
ఎంత చిన్నమాట అది, నా నోట్లోంచి వచ్చినప్పుడు.

బూజు దాన్నేం చెయ్యలేదు.
బూజుని చంపిన మందు
చర్మం దగ్గర ఆగలేదు, ఎముక లోపలికి దిగింది.
అక్కడ మూలుగ ఉంటుంది, కణాల పురిటిగది.
మూలుగకి మూలుగు రాదు.
నొప్పైతే చెప్పదు, కోపమొస్తే కరవదు.
పని మానేస్తుంది, అంతే.

అన్నీ చెప్పాను. నా మాట సంగతి కూడా.
గంప అంచు మీద వేలితో గీస్తూ వింది.
"నువ్వు ఏయమన్నావు. నాను ఏసినాను. అది మింగినాది.
ముగ్గురిలో ఎవులికి తెలుసు సెప్పు?"
అలా అనకుండా నన్ను తిట్టుంటే
ఇంటికెళ్లి నిద్రపోయేదాన్ని.

మాత్ర ఆపేశారు. జ్వరానికి సూదులు.
రెండో మంగళవారం స్లైడు మొదటిదానికంటే ఖాళీ.
మూడో మంగళవారం నేనే హార్బరుకి వెళ్లి
గొట్టం తెచ్చుకున్నాను.
గంటన్నర పట్టింది.
ఒక మూల, పలక అంచుకి దగ్గరగా,
ఇంకా ముదరని తెల్లకణం,
కడుపులో కేంద్రకం వంకరగా.

మర్నాడు దేముడమ్మని పిలిచి చూపించాను.
ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి చూసింది.
"ఇదేటి, గాలపు ముల్లులాగుంది."
అవును.
"ఏదైనా పడతాదంటావా దీనికి?"

తెలీదు.
ఒక్క కణాన్ని నమ్మి ఏం చెప్పను?
బొటనవేలు దానంతటదే లెక్కమీట నొక్కింది,
టిక్కు.
బల్ల కింద గంపలో చందువ
తల ఎత్తింది, మా వైపు కాదు,
గంప అడుగున ఎప్పటివో కవళ్ల వాసన వైపు.