అద్దంలో చదవాల్సిన గోడ

మొదటి ప్రదర్శన నాంపల్లిలో, ఒక కళాశాల వరండాలో.
పన్నెండు బొమ్మలు. ఫ్యాను గాలికి మూడు ఊగుతున్నాయి.
బర్కత్‌పురాలో మేం అద్దెకున్న రెండు గదులు,
నీలం తలుపు.
"ఆకుపచ్చ కదే" అన్నాను.
వకుళ టీ గ్లాసు చేయి మార్చుకుని
"నువ్వు బడి నుంచి వస్తూ చూసేదానివి అక్కా,
నేను జ్వరంతో లోపల పడుకుని చూసేదాన్ని" అంది.

ఆ రాత్రంతా ఆ తలుపు తీస్తూ వేస్తూ గడిపాను.
ఎన్నిసార్లు వేసినా
ఆకుపచ్చే.

రెండోది ఏడేళ్ళకు.
అవే గదులు, ఈసారి చీరంత పొడవు కాన్వాసు మీద
కథ చెబుతూ నడుస్తాయి:
అమ్మ కుంపటి విసురుతోంది,
పక్కనే అదే అమ్మ పోస్టుకార్డు చదువుతోంది,
ఆ పక్కన అమ్మ లేదు.
విసనకర్ర మాత్రం ఊగుతోంది.
నేనెక్కడున్నానని వెతికాను.
చివరికి మంచం కింద ఒక చెప్పుల జత,
ఎడమదాని పట్టీకి పిన్నీసు.
ఆ పిన్నీసు నాది.
పదో తరగతి అంతా దాని మీదే నడిచానని
నేను మరచిపోయాను, అది దాచింది.
పక్కనొకావిడ కూతురికి చెబుతోంది:
"ఒంటరితనానికి గుర్తన్నమాట."
కాదమ్మా, చెప్పులు తెగాయి, అనబోయి
ఊరుకున్నాను.

మూడోది నిన్న. బంజారాహిల్స్‌లో.
చెప్పులు విప్పాలో వద్దో తెలియనంత నున్నటి నేల.
అమ్మ లేదు, మంచం లేదు, తలుపు ఏ రంగుదీ లేదు.
గోడంతా ఒకటే బొమ్మ.
కాచిగూడ సందు, వాన వెలిసిన వేళ.
టైర్ల దుకాణం, ఇరానీ హోటలు, హోమియో డాక్టరు,
ప్రతి బోర్డు మీదా అక్షరాలు
గుడులూ దీర్ఘాలతో సహా తిరగబడి ఉన్నాయి.
తెలుగు కుడి నుంచి ఎడమకి పోతుంటే
ఉర్దూ ఎడమ నుంచి కుడికి ఎదురొస్తోంది.
"భాష మీద అవిశ్వాసం" అని
ఒక కుర్రాడు నలుగురికి వివరిస్తున్నాడు.

నాకు మాత్రం గోళ్ళ కింద సిరా వాసన వచ్చింది.
ఇది నాన్న చూపు.

నరహరి, కంపోజిటరు.
సీసం అక్షరాల అరల ముందు ముప్పైరెండేళ్ళు.
పెళ్ళి పత్రికలు, సర్కసు కరపత్రాలు, పెద్దకర్మ కార్డులు,
అన్నీ తిరగేసే పేర్చాడు, తిరగేసే చదివాడు.
సుల్తాన్ బజారులో సూటిగా ఉన్న బోర్డు ముందు
ఒక్క క్షణం తడబడి ఆగేవాడు.
మేం నవ్వేవాళ్ళం.
వకుళ నవ్వేది కాదు.
నవ్విందేమో కూడా.
దాన్ని మంచిపిల్లని చేసింది
నిన్నటి నా జ్ఞాపకమేనేమో.

ఎదురు గోడకి అద్దం బిగించిన చిన్న పటం.
లోపల ఉట్టి బూడిదరంగు. ఎవరూ ఆగడం లేదు.
నేను ఆగాను, నా ముఖమే కనిపించింది.
పక్కకి జరిగాను.
వీపు వెనకున్న సందు అద్దంలోకి వచ్చి
అక్షరాలన్నీ ఒక్కసారి ఇటు తిరిగాయి.
టైర్లు. చాయ్. మందులు ఉదయం పూట మాత్రమే.
తడిగోడ అడుగున, ఎవరూ వంగని చోట,
నాన్న వాడే ఎనిమిది పాయింట్ల సైజులో:

తప్పొప్పుల పట్టిక.
'నీలం' అని ఉన్నచోట
'ఆకుపచ్చ' అని చదువుకొనవలెను.

అటు చివర వకుళ ఎవరితోనో ధర మాట్లాడుతూ
కనుబొమలెత్తి అడిగింది, చూశావా అని.
పదకొండేళ్ళ పంతం, గెలిచింది నేనే.
ఎలా చెప్పను దానికి?
పోయిన శ్రావణంలో మా వంటింటి తలుపుకి
పెయింటరు ఏ రంగని అడిగితే
ఆలోచించకుండా నీలం అన్నాను.
ఇంకా ఆ వాసన పోలేదు.